ఫుట్‌బాల్‌లో లెక్కలేమిట్రా?

మొన్న వేసవిలో ఓ పెళ్ళికి వెళ్తే, భోజనాల దగ్గర మా బాబాయి దొరకబుచ్చుకున్నాడు.

"ఏరా, లక్షణమైన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి ఏదో ఫుట్‌బాల్ లెక్కలు చూస్తున్నావటగా, నిజమేనా?"

నిజమే బాబాయ్ అన్నాను. ఆయన పప్పులో నెయ్యి కలుపుకుంటూ కాసేపు ఆలోచించి, "ఫుట్‌బాల్‌లో లెక్కలేమిట్రా? క్రికెట్టంటే సరే.. పరుగులూ, వికెట్లూ, సగటులూ, బోలెడు. ఇందులో గంటన్నర పరిగెడితే ఒకటో రెండో గోల్సు. ఆ మాత్రం లెక్కపెట్టడానికి నువ్వెందుకు, నా చేతివేళ్ళు చాలవూ?" అన్నాడు.

బంతిలో కూర్చున్నవాళ్ళంతా ఘొల్లున నవ్వారు (భోజనాల బంతండీ, ఆట బంతి కాదు). గుత్తి వంకాయ చల్లారిపోతుందని నేనూ నవ్వేసి ఊరుకున్నాను. కానీ ఆలోచిస్తే నా ఉద్యోగం మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. ఆ రోజు చెప్పలేని జవాబు ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

ముందు నా సంగతి. తొమ్మిదేళ్ళు ఓ సర్వీసు కంపెనీలో బ్యాంకుల రిపోర్టులు తయారుచేసాను. అర్ధరాత్రి బ్యాచ్ జాబులు, ఫెయిలైతే ఫోన్లు.. మీకు తెలియనివి కావు. 2018లో స్టాట్స్‌బాంబ్ అనే సంస్థ ఆ ఏటి ప్రపంచకప్ డేటాని ఎవరైనా వాడుకోవచ్చంటూ ఉచితంగా పెట్టింది. ఓ శనివారం ఊసుపోక దించుకున్నాను. అదిగో, అలా మొదలైన పిచ్చి చివరికి యూరప్‌లో ఓ చిన్న దేశపు రెండో డివిజన్ క్లబ్బుకి కొండాపూర్‌లో కూర్చుని రిపోర్టులు పంపే దాకా వచ్చింది. పేరుకి డేటా ఎనలిస్టుని. మా ఆవిడ మాత్రం "ముందు రాత్రిళ్ళు బ్యాంకుతో, ఇప్పుడు బంతితో. నిద్ర లేకపోవడంలో తేడా ఏముంది?" అంటుంది.

ఇహ బాబాయి ప్రశ్న. గోల్సు తక్కువ కాబట్టి లెక్కలెందుకు అన్నాడాయన. గోల్సు తక్కువ కాబట్టే లెక్కలు కావాలన్నది నా జవాబు. 2022 ప్రపంచకప్‌లో 64 ఆటల్లో పడ్డ గోల్సు 172. అంటే ఆటకి మూడు కూడా లేవు. క్రికెట్‌లో ప్రతి బంతికీ ఏదో ఒక ఫలితం వస్తుంది. అదృష్టం ఓ ఓవర్లో వెక్కిరించినా ఇంకో ఓవర్లో సర్దుకుంటుంది. ఫుట్‌బాల్‌లో స్తంభానికి తగిలి లోపలికో బయటికో పోయిన ఒక్క బంతి మొత్తం ఆటనే తేల్చేస్తుంది. అంత తక్కువ శాంపిల్‌తో ఎవరు బాగా ఆడారో తేల్చడం, ఇద్దరు కస్టమర్లనడిగి ప్రాడక్టు హిట్టని చెప్పడం లాంటిదే.

అంచేత మేము గోల్సు వెనకాల ఉన్నదంతా చూస్తాం. పాసు, షాటు, టాకిల్.. బంతితో జరిగే ప్రతిదీ ఓ వరస. ఆటకి రెండు మూడు వేల వరసలు. డబ్బున్న క్లబ్బులకైతే కెమెరాలు సెకనుకి 25 సార్లు ప్రతి ఆటగాడూ ఎక్కడున్నాడో రాసిపెడతాయి. తొంభై నిమిషాలకి 1,35,000 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో 22 మంది ఆటగాళ్ళు, ఒక బంతి. మీరే గుణించుకోండి, ముప్ఫై లక్షలు దాటుతుంది. బాబాయి వేళ్ళు చాలవు.

డేటా ఇంత ఉంటే నిజం దానంతటదే బయటపడుతుందనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఈ పనిలోకొచ్చాక వదిలించుకున్న అపోహలు కొన్ని ఉన్నాయి. అందులో ఒకటి వదిలించుకోవడానికి నాకంటే ఇంకొకడు ఎక్కువ మూల్యం చెల్లించాడు. దాన్ని చివర్లో చెప్తా.

అపోహ 1: స్కోరే ఆట

2022 నవంబర్ 22. అర్జెంటీనా మీద సౌదీ అరేబియా 2-1తో గెలిచింది. ఆ రాత్రి నా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మెస్సీకి పిండప్రదానం చేసేసారు. ఆ ఆటలో సౌదీ కొట్టిన షాట్లు మొత్తం మూడు. అందులో రెండు గోల్సు. అర్జెంటీనా మొదటి సగంలో బంతిని నెట్లోకి ఇంకో మూడు సార్లు పంపింది గానీ అన్నీ ఆఫ్‌సైడని కొట్టేసారు. స్కోరు చూసినవాడికి అర్జెంటీనా పని అయిపోయింది. షాట్లు చూసినవాడికి కంగారు పడాల్సిందేమీ కనపడలేదు. నాలుగు వారాల తర్వాత కప్పు ఎవరెత్తారో మీకు తెలుసు.

ఇక్కడే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ అనే లెక్క పనికొస్తుంది. ముచ్చటగా ఎక్స్‌జి అంటాం. ఒక షాటు కొట్టిన దూరం, కోణం, కాలా తలా లాంటివి చూసి, అలాంటి షాట్లు పాత ఆటల్లో నూటికి ఎన్ని గోలయ్యాయో చెప్పే అంకె. పెనాల్టీ అయితే నాలుగింట మూడు. మామూలు షాట్లన్నీ కలిపి చూస్తే పదింట ఒకటి. అంతే, బ్రహ్మవిద్యేమీ కాదు. బ్యాంకులో అప్పు ఎగ్గొట్టే అవకాశం ఎంతో లెక్కేసే మోడల్ ఎప్పుడైనా రాసుంటే ఇదీ మీకు వచ్చినట్టే.

అయితే దీని మీదా ఓ అపోహ ఉంది. "మా టీము ఎక్స్‌జి ఎక్కువ, న్యాయంగా మేమే గెలవాలి" అంటుంటారు. పదింట ఒకటి చొప్పున పడే షాట్లు పది కొట్టారనుకోండి. మొత్తం ఎక్స్‌జి ఒకటి. మరి గోలు ఖాయమా? ఒక్కటీ పడకపోయే అవకాశం 0.9ని పదిసార్లు గుణిస్తే వస్తుంది, దాదాపు 35 శాతం. అంటే మూడింట ఒక ఆటలో అంత కష్టపడీ సున్నాతో ఇంటికెళ్ళాల్సిందే. ఎక్స్‌జి ఒక ఆటకి తీర్పు చెప్పే జడ్జీ కాదు. పది, ఇరవై ఆటలు కలిపి చూస్తే దారి ఎటుందో చూపించే సూచిక.

ఆ దారి చూడగలిగితే లాభం ఎంతో చెప్పే కథ ఒకటుంది. 2015 ఫిబ్రవరిలో యుర్గెన్ క్లాప్ జట్టు బోరుసియా డార్ట్‌మండ్ జర్మనీ లీగులో అట్టడుగుకి జారింది. సీజన్ చివరికి ఎలాగో ఏడో స్థానానికి పాకింది, క్లాప్ వెళ్ళిపోయాడు. పట్టిక చూసినవాళ్ళు ఆయన పనయిపోయిందన్నారు. అప్పట్లో లివర్‌పూల్‌లో డేటా విభాగం చూసిన ఇయాన్ గ్రాహం లెక్కల్లో మాత్రం, డార్ట్‌మండ్ ఆట ఫలితాలంత చెడ్డగా లేదు, దురదృష్టం పాలే ఎక్కువని తేలింది. 2015 అక్టోబర్‌లో లివర్‌పూల్ క్లాప్‌ని తీసుకుంది. 2019లో ఛాంపియన్స్ లీగ్, 2020లో ప్రీమియర్ లీగ్.

దీనికి తిరగేసి చూస్తే కోచ్‌ని మార్చడం. వరసగా నాలుగు ఓడితే కోచ్‌ని పీకేస్తారు, కొత్తాయన రాగానే గెలుస్తారు. ఆహా ఏం మార్పు అంటారు! నెదర్లాండ్స్ లీగు మీద బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త చేసిన అధ్యయనంలో, కోచ్‌ని మార్చిన జట్లూ, అంతే చెడ్డగా ఆడి కూడా మార్చని జట్లూ దాదాపు ఒకలాగే కోలుకున్నాయి. పాతాళానికి పోయినవాడు ఎటెళ్ళినా పైకే కదా. రెడ్‌లో ఉన్న ప్రాజెక్టుకి కొత్త డెలివరీ మేనేజర్ వచ్చి గ్రీన్ చేసాడని చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. కాకి వాలిందీ, తాటిపండు పడిందీ.

అపోహ 2: బంతి ఎవరి దగ్గరుంటే ఆట వాళ్ళది

టీవీలో ముందు చూపించేది ఇదే. బాల్ పొజెషన్ 70 శాతం అనగానే మనకి ఆ జట్టు అదరగొడుతున్నట్టు అనిపిస్తుంది. 2018 ప్రపంచకప్‌లో స్పెయిన్ రష్యా మీద వెయ్యికి పైగా పాసులు వేసి పెనాల్టీల్లో ఓడి ఇంటికెళ్ళింది. 2022లో జపాన్ మీద మళ్ళీ వెయ్యి, 2-1తో ఓటమి. ఆ రోజు జపాన్ దగ్గర బంతి ఉన్నది 18 శాతం కూడా లేదు. అయిదు రోజుల తర్వాత మొరాకో మీద ఇంకో వెయ్యి. మళ్ళీ పెనాల్టీలు, మళ్ళీ ఇంటికి. వాపుని చూసి బలుపనుకోవడమంటే ఇదే.

మరి బంతి ఉంచుకోవడం తప్పా? అదీ కాదు. మంచి జట్లు సాధారణంగా బంతిని ఎక్కువసేపే ఉంచుకుంటాయి. కాకపోతే ఏది కారణం, ఏది ఫలితం అన్నదే తిరకాసు. ఒక గోలు ముందున్న జట్టు వెనక్కి తగ్గి, "ఇదిగో బంతి, నువ్వే ఆడుకో" అంటుంది. వెనకబడ్డవాడు పాసులు వేస్తూనే ఉంటాడు. అప్పుడు పొజెషన్ ఎక్కువుండడం గెలుపుకి కారణం కాదు, ఓడిపోతున్నందుకు లక్షణం. జ్వరమొచ్చినవాడి చేతిలో థర్మామీటర్ ఉందని, థర్మామీటర్ వల్లే జ్వరమొచ్చిందనం కదా.

అపోహ 3: లెక్కపెడితే తప్పు జరగదు

ఇది నా బోటివాళ్ళకి మాత్రమే వచ్చే జబ్బు. దీనికి మూలపురుషుడు ఛార్లెస్ రీప్ అనే బ్రిటిష్ వాయుసేన అధికారి. వృత్తి రీత్యా లెక్కల మనిషి. 1950 మార్చి 18న స్విండన్ టౌన్ ఆట చూస్తూ, మొదటి సగం ఆటతో విసుగొచ్చి, రెండో సగంలో జేబులోంచి నోట్‌బుక్కు తీసి జరిగిన ప్రతి ఎత్తుగడా రాయడం మొదలుపెట్టాడు. అలా దశాబ్దాల పాటు రాస్తూనే ఉన్నాడు! కంప్యూటర్ లేదు, వీడియో లేదు. ఆ ఓపికకి దణ్ణం పెట్టాలి.

1968లో బెర్నార్డ్ బెంజమిన్‌తో కలిసి ఆ లెక్కలు ప్రచురించాడు. నూటికి 80 గోల్సు మూడు లేదా అంతకన్నా తక్కువ పాసులతోనే వస్తున్నాయి అన్నది సారాంశం. కాబట్టి పాసులాపి బంతిని ముందుకి బాదండి అని సలహా. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఈ మాట చాలాకాలం చెల్లింది.

లెక్క తప్పు కాదు. అడిగిన ప్రశ్న తప్పు. అవే అంకెల్లో ఇంకోటుంది. అసలు ఎత్తుగడల్లోనే 90 శాతం పైన మూడు పాసుల్లోపే ముగిసిపోతాయి. నూటికి తొంభై పైగా చిన్నవే ఉండి, వాటి నుంచి వచ్చినవి ఎనభై గోల్సేనంటే, మిగిలిన పదిలోపు పెద్ద ఎత్తుగడలు ఇరవై గోల్సు తెచ్చాయన్నమాట. ఒక్కోదానికి చూస్తే పెద్దవే రెండు రెట్ల పైన ఫలించాయి! మన భాషలో చెప్పాలంటే, కోడ్‌లో తొంభై శాతం జావాలో రాసి, బగ్గుల్లో ఎనభై శాతం జావాలోనే వచ్చాయి కాబట్టి జావా చెడ్డది అన్నట్టు. (అయితే ఎక్కువ పాసులు వేసేది మామూలుగా మంచి జట్లే. కాబట్టి ఈ తిరగేసిన లెక్కనీ గుడ్డిగా నమ్మకండి.)

రీప్ కథ చదివినప్పుడు పాపం పెద్దాయన భాగారం సంగతి మర్చిపోయాడే అని నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

అపోహ 4: ఎక్కువ చేసినవాడే ఎక్కువ పనిమంతుడు

మూడేళ్ళ క్రితం, ఓ మే నెల గురువారం. క్లబ్బు నుంచి మెయిలొచ్చింది. ఇద్దరు సెంటర్ బ్యాకుల కాంట్రాక్టులు ముగుస్తున్నాయి, ఒక్కర్నే ఉంచుకోగలం, నలుగురు బ్యాకులనీ పోలుస్తూ శుక్రవారానికల్లా ఓ పట్టిక కావాలి అని. గంటన్నరలో చేసేసాను. ఆటకి ఎన్ని టాకిల్స్, ఎన్నిసార్లు పాసుకి అడ్డుపడ్డాడు, ఎన్నిసార్లు బంతిని బాదేసాడు. నెంబరు 5 జెర్సీవాడు మూడింట్లోనూ అట్టడుగు. ఆ గడులకి ఎర్ర రంగేసాను. పక్కన ఒక వాక్యం రాసాను, "రక్షణలో చురుకుదనం తక్కువ" అని. వీడియో చూడలేదు. పొద్దున్నే పాపని స్కూల్లో దింపాలి, పడుకున్నాను.

జూన్‌లో నెంబరు 5ని వదిలేసారు.

తర్వాతి సీజన్ మొదటి పదకొండు ఆటల్లో మా క్లబ్బుకి గోల్సు ధారాళంగా పడ్డాయి, అందులోనూ ఎక్కువ ఎడమవైపు నుంచి. ఎందుకో చూద్దామని అంతకుముందు ఏడాది వీడియోలు తీసాను. మైదానమంతా పైనుంచి కనపడే వీడియో, టీవీలో వచ్చేది కాదు. నాలుగు రాత్రులు చూసాను. నెంబరు 5 ఏం చేసేవాడంటే.. ఏమీ చేసేవాడు కాదు. పాసు రాబోయే దారిలో రెండడుగులు ముందే వచ్చి నిలబడేవాడు. పక్కవాడికి చెయ్యి చూపించి జరిపేవాడు. ఎదుటి ఆటగాడు తలెత్తి చూసేవాడు, అటు దారి లేదని బంతిని వెనక్కి వేసేసేవాడు. టాకిల్ చెయ్యాల్సిన అవసరమే వచ్చేది కాదు. మా డేటాలో రెండు మూడు వేల వరసలున్నాయి గానీ, "ఏమీ జరగలేదు" అనే వరస లేదు.

ఇది కొత్త తప్పేమీ కాదు. 2001లో మాంచెస్టర్ యునైటెడ్ యాప్ స్టామ్‌ని అమ్మేసినప్పుడు, అతని టాకిల్స్ తగ్గాయన్న లెక్క కూడా అందులో పనిచేసిందని చెప్పుకుంటారు. అమ్మడం పొరపాటేనని ఫెర్గూసన్ తర్వాత ఒప్పుకున్నాడు. మెస్సీ మైదానంలో చాలాసేపు నడుస్తూనే ఉంటాడు. ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తాడో చూస్తే వాడు సోమరి. బార్సిలోనాలో పనిచేసిన హవియర్ ఫెర్నాండెజ్, ల్యూక్ బోర్న్‌తో కలిసి 2018లో రాసిన పేపర్లో, అలా నడుస్తూనే ఎంత విలువైన ఖాళీ చోట్లలోకి చేరతాడో కొలిచి చూపించాడు. ఇవన్నీ నేను చదివినవే. చదివి కూడా ఎర్ర రంగు వేసాను.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇది కాదు. నా పాత కంపెనీలో ఓ సీనియర్ ఉండేది. రాత్రి బ్యాచ్ మొత్తం ఆవిడ చేతిలో ఉండేది. ఎక్కడ పగుళ్ళిస్తుందో ముందే చూసి పగలే సరిచేసేది. రాత్రి ఫోన్లే వచ్చేవి కావు. ఓ ఏడు అప్రైజల్‌లో, మూసిన టికెట్ల సంఖ్య చూసి ఆవిణ్ణి బెల్ కర్వ్‌లో అడుగున పడేసారు. టికెట్లే రానప్పుడు మూసేదేమిటి? ఆవిడ మానేసింది. మూడు నెలలకి బ్యాచ్ వారానికి రెండుసార్లు పడిపోవడం మొదలైంది. రాత్రంతా మేలుకుని దాన్ని లేపినవాడికి ఆ క్వార్టర్ అవార్డిచ్చారు. ఆ రోజు టీ కొట్టు దగ్గర మేనేజర్లని అందరికన్నా ఎక్కువ తిట్టింది నేనే. "మనిషిని చూడకుండా ఎక్సెల్ చూసి రేటింగిస్తారా వీళ్ళు?" అన్నాను. ఇప్పుడు చూసుకుంటే ఆ ఎక్సెల్ నాదే, ఆ ఎర్ర గడీ నాదే.

ఇక్కడ కథని శుభ్రంగా ముగించాలంటే, నెంబరు 5ని వదిలెయ్యడం వల్లే మా క్లబ్బు దెబ్బతిందని రాసెయ్యాలి. కానీ నా వృత్తి ఒప్పుకోదు. పదకొండు ఆటలంటే చిన్న శాంపిల్. అదే సమయంలో మా గోల్‌కీపర్‌కి దెబ్బ తగిలి ఆరు ఆటలు లేడు. షెడ్యూల్లో మొదట్లోనే గట్టి జట్లు పడ్డాయి. నా లెక్క తప్పయిందా, లేక మాకు దరిద్రం పట్టిందా, ఖచ్చితంగా చెప్పలేను. నా పశ్చాత్తాపానికి కూడా సరిపడా డేటా లేదు! ఖచ్చితంగా తెలిసింది ఒక్కటే: ఆ వాక్యం రాసేటప్పటికి అది రాయడానికి తగినంత నాకు తెలియదు. అతను ఇప్పుడు ఓ మెట్టు కింది డివిజన్లో ఆడుతున్నాడు. కొండాపూర్లో నేనొకణ్ణున్నానని అతనికి తెలియదు. క్లబ్బు వాళ్ళు నన్నొక్క మాటా అనలేదు. అసలు ఆ వాక్యం వాళ్ళకి గుర్తుందో లేదో.

అప్పట్నుంచీ నా రిపోర్టుల్లో ఒక నిలువు వరస ఎక్కువైంది. ప్రతి అంకె పక్కనా "ఇది చూడనిది ఏమిటి" అని. టాకిల్స్ పక్కన: నిలబడ్డ చోటు చూడలేదు. పొజెషన్ పక్కన: అప్పటి స్కోరు చూడలేదు. మనిషి కాంట్రాక్టుకి సంబంధించిన పట్టికైతే, అయిదు ఆటల వీడియో చూడనిదే పంపను. ఆ పట్టికలో రంగులు వెయ్యను. మొదట్లో క్లబ్బు వాళ్ళు విసుక్కున్నారు, ఒక పేజీలో తేల్చెయ్యమన్నారు. ఇప్పుడు ముందు ఆ వరసే చదువుతున్నారు.

పెళ్ళిలో కథ సగంలో ఆపాను కదా. చేతులు కడుక్కుంటుంటే బాబాయి మళ్ళీ వచ్చాడు. నవ్వినందుకు నొచ్చుకున్నాననుకున్నాడో ఏమో, తాతయ్య సంగతెత్తాడు. తాతయ్య హైదరాబాద్‌లో గుమాస్తాగా ఉన్న రోజుల్లో సిటీ పోలీస్ జట్టు అంటే ప్రాణమిచ్చేవాడట. సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉన్న కాలం. 1950 నుంచి 54 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు వాళ్ళదే. ఆ రహీమే 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకాలు తెచ్చాడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్ళాడు. ఆ రోజుల్లో ఎవరెన్ని టాకిల్స్ చేసారో రాసినవాళ్ళు లేరు.

"ఆ టీములో ఒక బ్యాకు గురించి మీ తాతయ్య ఎప్పుడూ చెప్తుండేవాడ్రా, పేరు గుర్తులేదు" అన్నాడు బాబాయి. "'వాడున్నవైపు బంతి వెళ్ళేదే కాదు' అనేవాడు. మరి అదెలా లెక్కపెడతావ్?"

నేను చెయ్యి తుడుచుకుంటూ ఉండిపోయాను. నాలుగు రాత్రులు వీడియో చూస్తే గానీ నాకు తెలియని సంగతి, తాతయ్య గ్యాలరీలో కూర్చుని ఒక్క ముక్కలో చెప్పేసాడు.

"అదే బాబాయ్, ఇప్పుడు నేర్చుకుంటున్నా" అన్నాను.

"నేర్చుకో, నేర్చుకో. అది తేలేలోపు పద, ఐస్‌క్రీం అయిపోతోంది" అన్నాడు.